ఐరిష్ రగ్బీలో ప్రావిన్సు మార్పు

ఐరిష్ రగ్బీలో ప్రావిన్సు మార్పు అనగా ఐర్లాండుకు చెందిన వృత్తి రగ్బీ క్రీడాకారుడు తాను ఆడుతున్న ప్రావిన్సు జట్టును విడిచి, అదే దేశంలోని మరొక ప్రావిన్సు జట్టులో చేరడం. ఐర్లాండులో పురుషుల వృత్తి జట్లు నాలుగే కలవు. అవి లెన్‌స్టర్ (డబ్లిన్), మన్‌స్టర్ (లిమెరిక్, కార్క్), అల్‌స్టర్ (బెల్‌ఫాస్ట్), కొనాక్ట్ (గాల్వే). ఈ నాలుగూ ఐరిష్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ అధీనంలోనివే. జాతీయ జట్టుకు ఆడదలచినవాడు ఆచరణలో ఈ నాలుగింటిలో ఏదో ఒకదానిలో ఉండవలసిందే. కనుక సొంత జట్టులో చోటు దొరకని ఆటగాడికి మూడు దారులు మిగులుతాయి: తన వంతు కోసం వేచి ఉండడం, విదేశానికి పోవడం, లేదా పక్క ప్రావిన్సుకు మారడం. ఈ మూడవ దారి ఆటగాడి భవిష్యత్తుకు ఎంతవరకు మేలు చేస్తుందన్నది ఐర్లాండులో చిరకాలంగా నలుగుతున్న చర్చ. మారినవారిలో కొందరు ప్రపంచ స్థాయి ఆటగాళ్ళయ్యారు, కొందరు ఉన్న స్థానాన్ని కూడా నిలుపుకోలేకపోయారు.

నేపథ్యం

ఐర్లాండు ద్వీపంలోని 32 కౌంటీలు నాలుగు చారిత్రక ప్రావిన్సులుగా విభజింపబడి ఉన్నాయి. లెన్‌స్టర్‌లో 12, అల్‌స్టర్‌లో 9, మన్‌స్టర్‌లో 6, కొనాక్ట్‌లో 5 కౌంటీలు ఉన్నాయి. అల్‌స్టర్‌లోని 9 కౌంటీలలో 6 ఉత్తర ఐర్లాండుకు, అనగా యునైటెడ్ కింగ్‌డమ్‌కు చెందినవి. రాజకీయంగా రెండుగా ఉన్నప్పటికీ రగ్బీలో మాత్రం ద్వీపమంతటికీ ఒకే జాతీయ జట్టు ఉన్నది.

రగ్బీ యూనియన్ 1995 ఆగస్టు వరకు ఔత్సాహిక క్రీడ. అంతవరకు ఆటగాడి అసలు జీవితం అతని క్లబ్బుతోనే ముడిపడి ఉండేది. 1946లో మొదలైన అంతర్ ప్రావిన్సు పోటీలకు ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే ప్రావిన్సు జట్లు కూడేవి. ఆ రోజులలో ప్రావిన్సు మారడమన్నది ఉద్యోగరీత్యా ఊరు మారడం వంటిదే తప్ప పెద్ద విషయం కాదు. వృత్తి యుగం వచ్చిన తరువాత యూనియన్ ఇంగ్లాండులోవలె క్లబ్బులను కాక ప్రావిన్సులనే వృత్తి జట్లుగా తీర్చిదిద్దింది. అల్‌స్టర్ 1999లో యూరోపియన్ కప్పు గెలుచుకుంది. 2001లో వేల్స్, స్కాట్లండు జట్లతో కలిసి కెల్టిక్ లీగ్ ప్రారంభమయింది. ఇదే పేర్లు మారుతూ 2021 నుండి దక్షిణాఫ్రికా జట్లతో కూడిన యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్ అయింది. ప్రావిన్సు జట్టు ఏడాది పొడవునా ఆడే, జీతమిచ్చే సంస్థగా మారిన తరువాతనే ఏ ప్రావిన్సులో ఉండాలన్నది ఆటగాడి బ్రతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న అయింది.

యూనియన్ విధానము

ఐర్లాండు జట్టులోని అగ్రశ్రేణి ఆటగాళ్ళతో యూనియన్ నేరుగా కేంద్ర ఒప్పందాలు చేసుకుంటుంది. మిగిలినవారికి ప్రావిన్సుతో ఒప్పందం ఉంటుంది. ఏ ఆటగాడు ఎన్ని మ్యాచ్‌లు ఆడాలి, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలి అన్న విషయాలలో కూడా యూనియన్ మాట చెల్లుతుంది. ఈ ఏర్పాటులో నాలుగు జట్లు ఒకదానితో ఒకటి పోటీపడే సంస్థలే అయినా అంతిమంగా ఒకే ఇంటి బిడ్డలు. అందువలన ఒక జట్టులో బల్లపై కూర్చున్న ఆటగాడు మరొక జట్టులో మైదానంలో ఉంటే జాతీయ జట్టుకు లాభమన్నది యూనియన్ లెక్క. 2014 నుండి 2024 వరకు యూనియన్ పెర్ఫార్మెన్స్ డైరెక్టరుగా ఉన్న ఆస్ట్రేలియా దేశస్థుడు డేవిడ్ నుసిఫోరా ఈ లెక్కను బహిరంగంగానే ప్రోత్సహించాడు. అతని తరువాత ఆ పదవిలోకి అల్‌స్టర్ పూర్వ కెప్టెన్ డేవిడ్ హంఫ్రీస్ వచ్చాడు.

విదేశీ క్లబ్బులలో ఆడేవారిని జాతీయ జట్టుకు ఎంపిక చేయకూడదన్న నియమం ఎక్కడా వ్రాతపూర్వకంగా లేదు. ఆనవాయితీ మాత్రం అదే. ఈ ఆనవాయితీ మొదటినుండి ఇంత గట్టిగా లేదు. లిమెరిక్‌కు చెందిన స్క్రమ్-హాఫ్ ఓవెన్ రెడన్ కొనాక్ట్, మన్‌స్టర్ జట్లలో ఆడి, పీటర్ స్ట్రింగర్ ఉండగా తనకు చోటు కష్టమని 2005లో లండన్ క్లబ్బు వాస్ప్స్‌కు వెళ్ళాడు. అక్కడ ఉండగానే ఐర్లాండు జట్టులోకి వచ్చి, 2007 వరల్డ్ కప్‌లో ఆడాడు. 2009లో లెన్‌స్టర్‌కు తిరిగివచ్చిన ఇతడు మొత్తం 71 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. పదేళ్ళ తరువాత పరిస్థితి వేరు. జానీ సెక్స్టన్ 2013 నుండి 2015 వరకు పారిస్‌లోని రాసింగ్ క్లబ్బులో ఉన్నా జాతీయ జట్టులో కొనసాగాడు కాని, అది అతని ఒక్కడికే దక్కిన మినహాయింపు. మన్‌స్టర్ వింగర్ సైమన్ జీబో 2017 అక్టోబరులో తాను ఫ్రాన్సుకు వెళ్ళనున్నట్లు ప్రకటించిన తరువాత అతనికి ఐర్లాండు జెర్సీ మరల దక్కలేదు. 2021లో మన్‌స్టర్‌కు తిరిగివచ్చినా ఫలితం మారలేదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. 2002 నాటి ఐరిష్ ఆర్థిక చట్టం ప్రకారం క్రీడాకారుడు రిటైరైనపుడు, ఆటద్వారా నేరుగా సంపాదించిన ఆదాయంలో 40 శాతానికి, గరిష్ఠంగా పది సంవత్సరాలకు, పన్ను మినహాయింపు కోరవచ్చు. ఐర్లాండులో ఎక్కువ కాలం ఆడినవానికి ఈ వెసులుబాటు విలువ ఎక్కువ. ప్రావిన్సు మారితే అటు జాతీయ జట్టుకు అర్హతా పోదు, ఇటు ఈ మినహాయింపుకు లెక్కకు వచ్చే సంవత్సరాలూ సాధారణంగా తగ్గవు. విదేశాలకు పోవడంతో పోల్చినపుడు ప్రావిన్సు మార్పుకు ఉన్న అసలు ఆకర్షణ ఇదే.

వీటికి తోడు, 2011 డిసెంబరులో విదేశీ ఆటగాళ్ళపై యూనియన్ కొత్త పరిమితులు ప్రకటించింది. ఒకే స్థానంలో మన్‌స్టర్, లెన్‌స్టర్, అల్‌స్టర్ మూడింటికీ కలిపి ఒక్క విదేశీయుడే ఉండాలన్నది వాటి సారాంశం. కాలక్రమంలో ఇవి సడలినప్పటికీ, ఖాళీలను ముందుగా స్వదేశీయులతో నింపాలన్న ధోరణి మాత్రం నిలిచిపోయింది.

లెన్‌స్టర్‌లో రద్దీ

ఈ చర్చకు మూలం లెన్‌స్టర్ బలం. రాజధాని డబ్లిన్, దాని చుట్టుప్రక్కల జనాభా, బ్లాక్‌రాక్ కాలేజి, సెయింట్ మైకేల్స్ వంటి ప్రైవేటు పాఠశాలల రగ్బీ శిక్షణ కలిసి ఏటేటా ఒక జట్టు భరించగలిగినదానికన్నా ఎక్కువమందిని తయారుచేస్తున్నాయి. 2009, 2011, 2012, 2018 సంవత్సరాలలో లెన్‌స్టర్ యూరోపియన్ కప్పు గెలిచింది. 2023 వరల్డ్ కప్‌కు వెళ్ళిన 33 మంది ఐర్లాండు జట్టులో 18 మంది లెన్‌స్టర్ వారే. మన్‌స్టర్ నుండి 8, అల్‌స్టర్ నుండి 4, కొనాక్ట్ నుండి 3 ఉన్నారు.

అయితే లెన్‌స్టర్‌లో రెండవ వరుసలో ఉన్నవానికి మ్యాచ్‌లే ఉండవనుకోవడం పొరపాటు. లీగ్ దశలో 18 మ్యాచ్‌లు ఉంటాయి. నవంబరులోనూ, ఫిబ్రవరి-మార్చి నెలల సిక్స్ నేషన్స్ సమయంలోనూ ప్రధాన ఆటగాళ్ళు జాతీయ శిబిరానికి పోతారు. మిగిలిన రోజులలోనూ వారికి నిర్బంధ విశ్రాంతి ఉంటుంది. అందువలన ఒక సీజనులో లెన్‌స్టర్ 50 మందికి పైగా ఆటగాళ్ళను వాడడం సాధారణం. చిక్కంతా ఏ మ్యాచ్‌లు ఆడుతున్నాడన్న దానిలో ఉన్నది. వర్షంలో వేల్స్‌లో జరిగే లీగ్ మ్యాచ్ అతనికి దొరుకుతుంది కాని, యూరోపియన్ కప్పు క్వార్టర్ ఫైనల్ దొరకదు. జాతీయ సెలెక్టర్లు చూసేది రెండవదానినే. పైగా లెన్‌స్టర్‌లో రెండవవాడు తరచుగా ఐర్లాండులో కూడా రెండవవాడే కాబట్టి, కదలకుండా ఉన్నా జాతీయ జట్టు బల్ల మీదికి చేరిన వారున్నారు. మార్పు మంచిదా కాదా అన్న ప్రశ్నకు సూటి సమాధానం లేకపోవడానికి ఇది ముఖ్య కారణం.

వదిలించుకున్నవారు ఎదిగిన సందర్భాలు

ప్రావిన్సు మార్పును సమర్థించేవారు ముందుగా చెప్పే పేరు టైగ్ బర్న్. కిల్డేర్ కౌంటీకి చెందిన ఈ లాక్ ఆటగాడు లెన్‌స్టర్ అకాడమీలో పెరిగాడు. 2016లో లెన్‌స్టర్ ఇతనికి కొత్త ఒప్పందం ఇవ్వలేదు. వేల్స్‌లోని స్కార్లెట్స్ క్లబ్బుకు వెళ్ళి 2017లో ఆ జట్టుతో లీగ్ టైటిల్ గెలిచాడు. ఆ ఫైనల్ డబ్లిన్‌లోనే జరగడం, ఓడినది మన్‌స్టర్ కావడం ఒక విశేషం. అదే మన్‌స్టర్ 2018లో ఇతనిని తీసుకున్నది. ఆ ఏడాది జూన్‌లో ఐర్లాండుకు మొదటి మ్యాచ్ ఆడిన బర్న్, 2021, 2025 బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ పర్యటనలకు ఎంపికయ్యాడు. 2025లో ఆస్ట్రేలియాపై జరిగిన సిరీస్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు.

ప్రాప్ మైక్ రాస్ దారి దీనికి ఎదురు దిశలోనిది. కార్క్ కౌంటీకి చెందిన ఇతనికి మన్‌స్టర్‌లో అవకాశాలు రాక 2006లో లండన్‌లోని హార్లెక్విన్స్‌కు వెళ్ళాడు. 2009లో తిరిగి వచ్చినపుడు మన్‌స్టర్‌కు కాక లెన్‌స్టర్‌కు వచ్చాడు. 2011 నుండి ఐర్లాండు స్క్రమ్‌కు కుడివైపు ఆధారంగా నిలిచి 61 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. వింగర్ ఆండ్రూ కాన్వే 2013లో లెన్‌స్టర్ నుండి మన్‌స్టర్‌కు వెళ్ళాడు. జాతీయ జట్టుకు చేరడానికి ఇతనికి ఇంకా నాలుగేళ్ళు పట్టింది. ప్రాప్ జెరెమీ లోఫ్‌మన్ కూడా లెన్‌స్టర్ అకాడమీ నుండి 2017లో మన్‌స్టర్ చేరినవాడే. ఇతడు 2022లో ఐర్లాండుకు ఆడి, మరుసటి ఏడాది వరల్డ్ కప్‌కు వెళ్ళాడు.

ఈ నలుగురిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. మారేనాటికి వీరెవరికీ జాతీయ జట్టులో పోగొట్టుకోవడానికి చోటు లేదు. బర్న్‌ను లెన్‌స్టరే వద్దన్నది. కాన్వే, లోఫ్‌మన్ ఇంకా చిన్నవయసు వారు. వీరు మారడాన్ని సాహసమనడం కన్నా అవసరమనడం సబబు.

కొనాక్ట్ అనుభవము

మిగిలిన మూడింటితో పోలిస్తే కొనాక్ట్ చిన్న ప్రావిన్సు, పేద ప్రావిన్సు. ఖర్చు తగ్గించుకొనేందుకు ఈ జట్టును వృత్తి జట్టుగా మూసివేయాలని యూనియన్ ఒక దశలో ఆలోచించింది. 2003 జనవరిలో అభిమానులు డబ్లిన్ వీధులలో నిరసన ఊరేగింపు జరిపారు. జట్టు బ్రతికింది కాని, అవకాశం వెతుక్కొనేవారు వచ్చి, ఎదిగిన తరువాత వెళ్ళిపోయే చోటుగా చాలాకాలం ఉండిపోయింది.

హూకర్ షాన్ క్రోనిన్ దీనికి చక్కని ఉదాహరణ. లిమెరిక్ వాసి అయిన ఇతడు జెరీ ఫ్లానరీ నీడలో ఉండలేక 2008లో మన్‌స్టర్‌ను వదిలి కొనాక్ట్ చేరాడు. మరుసటి ఏడాదే ఐర్లాండుకు ఆడాడు. 2011లో లెన్‌స్టర్‌కు వెళ్ళి అక్కడ రెండు యూరోపియన్ కప్పులు గెలుచుకున్నాడు. మొత్తం 72 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. ఒక్క ఆటగాడి దృష్టితో చూస్తే ఇంతకన్నా లాభసాటి ప్రయాణం ఉండదు. అయితే 2011 వేసవిలో కొనాక్ట్ నుండి వెళ్ళినది క్రోనిన్ ఒక్కడే కాదు. ప్రాప్ జేమీ హేగన్, వింగర్ ఫియోన్ కార్ లెన్‌స్టర్‌కు, ఫ్లై-హాఫ్ ఇయాన్ కీట్లీ మన్‌స్టర్‌కు వెళ్ళారు. లెన్‌స్టర్ యూరోపియన్ విజేత కావడంతో ఐర్లాండుకు అదనపు చోటు లభించి, కొనాక్ట్ తన చరిత్రలో మొదటిసారిగా హైనెకెన్ కప్పులో అడుగుపెట్టినది సరిగ్గా ఆ సీజనులోనే. విజేత జట్టు ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకున్నట్లయింది. వెళ్ళినవారిలో కార్‌కు లెన్‌స్టర్‌లో ఆశించిన స్థానం దక్కక 2013లో కొనాక్ట్‌కే తిరిగివచ్చాడు.

రాబీ హెన్షా సంగతి ఇంతకంటె ఎక్కువ బాధ కలిగించింది. ఇతని ఊరు ఆథ్లోన్, షానన్ నదికి ఇరువైపులా రెండు ప్రావిన్సుల సరిహద్దులో ఉన్నది. రగ్బీ పరంగా కొనాక్ట్ కిందికి వస్తుంది. హెన్షా కొనాక్ట్‌లో ఉండగానే, 2013లో, జాతీయ జట్టుకు ఎంపికయ్యాడు. అనగా కొనాక్ట్‌లో ఉంటే సెలెక్టర్ల కంట పడరన్న వాదనకు ఇతడే సమాధానం. అయినా 2016లో లెన్‌స్టర్‌కు వెళ్ళాలని నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయం వెలువడిన కొద్ది నెలలకే, 2016 మేలో, ఎడిన్‌బరోలో జరిగిన ఫైనల్‌లో కొనాక్ట్ అదే లెన్‌స్టర్‌ను 20-10 తేడాతో ఓడించి తన మొదటి లీగ్ టైటిల్ సాధించింది. ఆ ఫైనల్‌లో హెన్షా కొనాక్ట్ తరఫున ఆడాడు. తరువాత లెన్‌స్టర్‌తో 2018 యూరోపియన్ కప్పు గెలిచాడు. ఇతని మార్పు ట్రోఫీల కోసం జరిగినదే తప్ప జాతీయ జట్టులో చోటు కోసం కాదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం వలన చర్చలో గందరగోళం ఏర్పడుతున్నది.

పదవ నంబరు వివాదం

ప్రావిన్సు మార్పుపై జరిగిన చర్చలన్నింటిలో ప్రముఖమైనది 2018 నాటిది. రగ్బీలో పదవ నంబరు ధరించే ఫ్లై-హాఫ్ ఆటను నడిపించేవాడు. ఒక జట్టుకు ఒక్కడే ఉంటాడు. అప్పటికి లెన్‌స్టర్‌లోనూ ఐర్లాండులోనూ ఆ స్థానం సెక్స్టన్‌దే. అతని వెనుక లెన్‌స్టర్‌లోనే ఇద్దరు యువకులు, జోయీ కార్బరీ, రాస్ బర్న్ ఉన్నారు. న్యూజీలాండులో పుట్టి కిల్డేర్ కౌంటీలో పెరిగిన కార్బరీ, 2016 నవంబరులో షికాగోలో ఐర్లాండు న్యూజీలాండును తొలిసారి ఓడించిన మ్యాచ్‌లోనే అంతర్జాతీయ రంగంలో ప్రవేశించాడు. కాని లెన్‌స్టర్‌లో తరచు ఫుల్-బ్యాక్‌గా ఆడవలసి వచ్చేది.

సెక్స్టన్‌కు వారసుడు కావలసినవాడు పదవ నంబరులో వారం వారం ఆడాలన్నది జాతీయ శిక్షకుడు జో ష్మిట్, నుసిఫోరాల అభిప్రాయం. అల్‌స్టర్‌కు కూడా అప్పుడు ఫ్లై-హాఫ్ అవసరం ఉండినది. చివరకు కార్బరీ మన్‌స్టర్‌ను ఎంచుకున్నాడు. బర్న్ లెన్‌స్టర్‌లోనే ఉండిపోయాడు. అల్‌స్టర్ ఇంగ్లాండు నుండి బిల్లీ బర్న్స్‌ను తెచ్చుకుంది.

తరువాత జరిగినదానిని ఏ తేదీన చూస్తే ఆ తేదీకి తగిన తీర్పు వస్తుంది. 2019 వరల్డ్ కప్‌కు కార్బరీ వెళ్ళాడు, బర్న్‌కు చోటు దక్కలేదు. మూడవ ఫ్లై-హాఫ్‌గా వెళ్ళినవాడు కొనాక్ట్‌ను ఎన్నడూ వీడని జాక్ కార్టీ. అప్పటికి మారినవాడే గెలిచాడు. కాని కార్బరీని గాయాలు వెంటాడాయి. 2020లో దాదాపు పూర్తిగా ఆటకు దూరమయ్యాడు. 2022 నవంబరులో ఫిజీపై ఆడుతూ తలకు దెబ్బ తగిలి తప్పుకోగా, అతని స్థానంలో బర్న్‌కు పిలుపు వచ్చింది. మరుసటి వారం ఆస్ట్రేలియాతో మ్యాచ్‌కు సెక్స్టన్ చివరి నిమిషంలో తప్పుకున్నాడు. మన్‌స్టర్‌లోనే పుట్టి పెరిగిన జాక్ క్రౌలీ అతనికి బదులుగా ఆట ప్రారంభించాడు. బల్ల మీదినుండి వచ్చిన బర్న్ ఆఖరి నిమిషాలలో పెనాల్టీ సాధించి 13-10తో గెలిపించాడు. 2023 వరల్డ్ కప్‌కు సెక్స్టన్, బర్న్, క్రౌలీ వెళ్ళారు. కార్బరీకి చోటు లేదు. ఆ ఏడాది మన్‌స్టర్ లీగ్ టైటిల్ గెలిచినపుడు పదవ నంబరు ధరించినది కూడా క్రౌలీయే. కార్బరీ 2024లో ఫ్రాన్సులోని బోర్డోకు, బర్న్ 2025లో ఇంగ్లాండులోని గ్లోస్టర్‌కు వెళ్ళిపోయారు.

కార్బరీ మన్‌స్టర్‌కు పోవడమే పొరపాటని ఈ కథ నిరూపించదు. గాయాలు డబ్లిన్‌లో ఉన్నా తగిలేవి. ఇది చూపేది మరొకటి. కొత్త ప్రావిన్సులో ఖాళీ కనబడుతున్నదంటే అది శాశ్వతంగా ఖాళీగా ఉంటుందని కాదు, అక్కడి అకాడమీలో కూడా ఒక కుర్రవాడు పెరుగుతూనే ఉంటాడు.

అల్‌స్టర్‌కు వెళ్ళినవారు

స్క్రమ్-హాఫ్ జాన్ కూనీ లెన్‌స్టర్ నుండి 2014లో కొనాక్ట్‌కు, అక్కడినుండి 2017లో అల్‌స్టర్‌కు వెళ్ళాడు. దక్షిణాఫ్రికాకు చెందిన రువాన్ పీనార్ ఒప్పందాన్ని పొడిగించడానికి యూనియన్ అంగీకరించకపోవడంతో ఏర్పడిన ఖాళీ అది. అభిమానులు ఎంతగానో ప్రేమించిన ఆటగాడి చోటులోకి వెళ్ళి కూడా కూనీ త్వరలోనే జట్టుకు ప్రధాన ఆధారమయ్యాడు. అయినా ఐర్లాండు తరఫున 11 మ్యాచ్‌లు మాత్రమే ఆడగలిగాడు, 2019 వరల్డ్ కప్‌కు ఎంపిక కాలేదు. డబ్లిన్ యువకుడు నిక్ టిమోనీ బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడి 2021లో జాతీయ జట్టుకు చేరాడు.

అప్పటికే పేరు పొందిన తరువాత వెళ్ళినవారికి ఇంత కలిసిరాలేదు. షికాగో మ్యాచ్‌లో ట్రై సాధించిన జోర్డీ మర్ఫీ, లెన్‌స్టర్ వెనుక వరుసలో పోటీ తట్టుకోలేక 2018లో అల్‌స్టర్‌కు వెళ్ళాడు. 2019 వరల్డ్ కప్‌కు జాక్ కోనన్ గాయపడిన తరువాత బదులుగా మాత్రమే పిలుపు అందుకున్నాడు. 2017 లయన్స్ జట్టు సభ్యుడు, 56 అంతర్జాతీయ మ్యాచ్‌ల అనుభవం గల ప్రాప్ జాక్ మగ్రా 2019లో అల్‌స్టర్ చేరాడు. ఆ ఏటి వరల్డ్ కప్ జట్టులో అతని పేరు లేదు. తుంటి గాయాలతో బాధపడి 2022లో జట్టును వీడాడు.

విమర్శలు

మన్‌స్టర్, అల్‌స్టర్ అభిమానులలో ఒక వర్గం ఈ పద్ధతిని మొదటినుండి వ్యతిరేకిస్తున్నది. లెన్‌స్టర్‌కు అక్కరలేనివారితో తమ జట్టు నిండితే స్థానిక అకాడమీ పిల్లల దారి మూసుకుపోతుందని వారి ఆక్షేపణ. మన్‌స్టర్ 2006, 2008 యూరోపియన్ విజయాలు లిమెరిక్, కార్క్ పిల్లల ఆధారంగా సాధించినవన్న గర్వం దీని వెనుక ఉన్నది. ఐర్లాండులో ప్రావిన్సు అన్నది క్రీడాసంస్థ కన్నా పాతది. జెర్సీ మార్చడం కొందరికి ఊరికి ద్రోహం చేయడంవలె కనిపిస్తుంది. 2006లో మన్‌స్టర్ నుండి లెన్‌స్టర్‌కు వెళ్ళిన ట్రెవర్ హోగన్, స్టీఫెన్ కీయోలకు ఈ వైరం మధ్యన ఆడవలసి వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే మన్‌స్టర్ సెమీఫైనల్‌లో లెన్‌స్టర్‌ను 30-6తో ఓడించి ఉండినది.

ప్రవాహం ఎప్పుడూ బలవంతుని నుండి బలహీనుని వైపే ఉండదన్నది మరొక విమర్శ. హెన్షా, క్రోనిన్‌ల వంటివారు పైకే వెళ్ళారు. 2024లో దక్షిణాఫ్రికా లాక్ ఆర్. జి. స్నైమన్ మన్‌స్టర్ నుండి లెన్‌స్టర్‌కు వెళ్ళినపుడు కూడా ఈ మాట గట్టిగా వినిపించింది. మరుసటి ఏడాది లెన్‌స్టర్ క్రోక్ పార్కులో బుల్స్‌ను ఓడించి లీగ్ టైటిల్ గెలుచుకుంది.

ఇటీవలి మార్పులు

2022లో ప్రాప్ పీటర్ డూలీ, జోష్ మర్ఫీ, డేవిడ్ హాక్‌షా, ఆడమ్ బర్న్ నలుగురూ ఒకేసారి లెన్‌స్టర్ నుండి కొనాక్ట్ చేరారు. 2024లో బిల్లీ బర్న్స్ అల్‌స్టర్ నుండి మన్‌స్టర్‌కు మారాడు. 2025లో లెన్‌స్టర్ హూకర్ లీ బారన్, ప్రాప్ మైకేల్ మిల్న్ మన్‌స్టర్‌కు వెళ్ళారు. కిల్డేర్ కౌంటీకి చెందిన ప్రెండర్‌గాస్ట్ సోదరులలో అన్న కియన్ యువకుడిగానే కొనాక్ట్‌ను ఎంచుకొని 2022లో ఐర్లాండుకు ఆడాడు. తమ్ముడు సామ్ లెన్‌స్టర్‌లోనే ఉండి 2024 నవంబరులో పదవ నంబరు ఆటగాడిగా జాతీయ జట్టులోకి వచ్చాడు.